టైమ్ మెషిన్ సినిమాలో నేను వినని పాట

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, టైమ్ మెషిన్ సినిమా ఒకటి చూడడానికి దొనకొండ నుంచి మార్కాపురం వెళ్లాను. ఆట త్వరగా ముగించాలని ఆపరేటర్ అందులో ఒక పాట కోసేశాడు. అడిగితే, "పాట కావాలంటే రేడియోలో వినుపో" అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు.

ఈమధ్య ఆ సినిమా కొత్త సౌండుతో మళ్లీ విడుదలైంది. నెల రోజులు ఎదురుచూసి, నా కూతురితో మొదటి ఆటకే వెళ్లాను. మెషిన్ కదలగానే పాట వస్తుందని, అప్పట్లో గిద్దలూరులో చూసిన మా బావ చెప్పాడు. మెషిన్ కదిలింది, పాట రాలేదు. నేరుగా ఆపరేటర్ గదిలోకి వెళ్లాను.

"మళ్లీ కోసినారా?"

"కోసేదానికి రీలు ఏడుందన్నా? అంతా కంప్యూటరే. పోయి కూర్చో."

"ముప్పై ఏండ్ల కింద గూడా ఇట్లనే పొమ్మన్నారు. నేను పోను."

తలుపు మూసి ఉంది. ఏసీ హోరులో, హాల్లోంచి ఈలలు మాత్రం వినిపించాయి. జనం నా తరఫునే అరుస్తున్నారనుకుని ఇంకా గట్టిగా నిలదీశాను. తిరిగొచ్చేసరికి నా కూతురు అడిగింది.

"ఏడికి పోయినావు నాయనా? పాట ఇప్పుడే అయిపోయింది. భలే ఉండె."

ఈసారి పాట పోగొట్టుకున్నది నేనేనని ఒప్పుకుంటాను. కానీ తప్పు చోటు చెప్పిన మా బావతో ఇంకా మాట్లాడడం లేదు.