మూడో సిలిండర్ చప్పుడు

“బలం ఏ ఇంజన్‌కు ఎక్కువ అని అడుగుతవేంది తమ్మీ, గది కాయితం మీద రాసే ఉంటది. ఆగిపోయే ముందుగాల ఏది చెప్తది, ఏది చెప్పదు, గది అడుగు.”

బీరయ్య ఈ మాట అంటూ పాత బనియన్ గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. సంతోష్‌నగర్‌లో పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగిన గల్లీ చివర ఆయన రేకుల షెడ్డు. డీజిల్ పికప్ బండ్లు తప్ప మరొకటి ముట్టుకోడు. ఆ పూట షెడ్డులో రెండు బండ్లు బానెట్లు తెరుచుకొని పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఇరవై ఏళ్లు దాటిన పాత రకం, ఇంకొకటి కొత్త రకం.

“పాతదానికి అరవై మూడు హార్స్ పవర్, కొత్తదానికి డెబ్బై అయిదు. మరి కొత్తదే గట్టిది కదా బీరయ్యన్నా?”

“గట్టిదే. రెండు టన్నులు ఏసి ఎత్తు మీదికి తోలితే కొత్తదే ముందు పోతది. డీజిల్ గూడ తక్కువ తాగుతది. గని దాంట్ల కంప్యూటర్ పెట్టిన్రు. వేడెక్కిందనుకో, తన బలం తనే తగ్గించుకుంటది. డ్రైవర్ ఎంత తొక్కినా వినది. ఒక వైరు తెగితే రోడ్డు మీదనే కూసుంటది. నఖ్రాల బండి అని డ్రైవర్లు తిడ్తరు.”

“పాతది?”

“పాతది మస్తు మంచిది.” పాత బండి మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు. “మనం ఏం చెప్తే అది చేస్తది. లోపల కాలిపోతున్నా చేస్తది. గందుకే నాకు భయం.”

ఇంజన్ల గురించి నేను ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. మూడేళ్లుగా ఆ షెడ్డులో పాత టైరు మీద కూర్చొని విన్నదే నా చదువు. బీరయ్య చెప్పినవి ఇంటికి వెళ్లి నోటుబుక్కులో రాసుకుంటాను. ఆయనకు ఆ సంగతి తెలుసు. “ఏం రాస్తవయ్యా, గ్రీసు మరకలా,” అని నవ్వుతాడు.

ఆయన పుట్టింది గౌలిపురలో, పాలవాళ్ల ఇంట్లో. తాతకు పద్నాలుగు బర్రెలు. తండ్రి సైకిల్‌కు క్యాన్లు కట్టుకొని ఇంటింటికీ పాలు పోసేవాడు. బీరయ్యకు పదహారేళ్లు వచ్చేసరికి బర్రెలు ఊరి బయటికి పోయాయి, పాలు బండ్ల మీద రావడం మొదలైంది. “బండ్లెనక నేను పోయిన,” అంటాడు. డానియేలు మేస్త్రీ దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చుకున్నాడు. “మా తాత సూడి బర్రె కడుపు మీద చెవి పెట్టి లోపల దూడ ఎట్లుందో చెప్పేటోడు. నాకు బర్రె బదులు ఇంజన్ దొరికింది. చెవి గదే.”

చెవి నిజంగా అదే. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, కట్టె పిడిని చెవి పక్క ఎముకకు నొక్కి పెడతాడు. ఒక్కో సిలిండర్ దగ్గర ఒక్కో నిమిషం. లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేస్తాడు. ఒకప్పుడు ఆయన మాట మీద బండ్లు చేతులు మారేవట.

ఆ రోజు కూడా పాత బండి మీద అలాగే విన్నాడు. తర్వాత ఇంజన్ ఆపాడు. షెడ్డు నిశ్శబ్దమైంది. పక్క ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా వినిపించింది. అయినా స్క్రూడ్రైవర్ తీయలేదు. మొహం పక్కకు తిప్పి నన్ను అడిగాడు.

“ఆగిందా తమ్మీ?”

“ఆగింది అన్నా.”

“మంచిగ ఆగిందా?”

ఈ ప్రశ్న నేను మూడేళ్లుగా వింటున్నాను. మొదట్లో చెవుడు వస్తోందేమో అనుకున్నాను. చెవుడు కాదు. కిందటి చలికాలం ఒక పాల బండి ఇంజన్ విని, మూడో సిలిండర్ కొడుతోందని మొత్తం విప్పించాడు. లోపల అన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. అంతకు ముందు ఇంకో రెండు బండ్లకూ అదే జరిగింది. ఇంట్లో ఆయన భార్య సత్తెమ్మ మిక్సీ ఆపగానే, అడగకముందే “ఆగిందయ్యా” అని చెప్పేస్తుందట.

షెడ్డు మూలలో నీలం తార్పాలిన్ కప్పి ఒక ఇంజన్ ఉంటుంది. దాన్ని ఆయన ఎవరికీ అమ్మడు, ఏ బండికీ ఎక్కించడు. ప్రతి మంగళవారం తార్పాలిన్ ఎత్తి, చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ కప్పేస్తాడు. తిప్పుతున్నంతసేపూ తల వంచి ఉంటాడు. ఎందుకని అడిగితే “తుప్పు పట్టొద్దని” అంటాడు. పని చేసుకునేటప్పుడు కూడా ఆ మూలకు వీపు పెట్టడు.

పదకొండు గంటలకు నందు వచ్చాడు. బీరయ్య చిన్ననాటి స్నేహితుడు శివయ్య కొడుకు. వయసు ఇరవై నాలుగు, సొంత పికప్ తోలుతాడు. పదకొండేళ్ల కింద శివయ్య తన బండి కిందే పడి చనిపోయాడని, బ్రేకులు ఫెయిలయ్యాయని నాకు ముక్కలుగా తెలుసు. తార్పాలిన్ కింది ఇంజన్ ఆ బండిదే.

“కాకా, నా సంగతి ఏం జేసినవ్?”

“నీ సంగతా, బండి సంగతా?”

“రెండూ ఒకటే కద. పెండ్లి సంబంధం వస్తే గూడ బండి ఎట్లుందనే అడుగుతున్నరు.”

“నీ బండి ఇంజన్ బ్లాకు పగిలింది బిడ్డా. మూడుసార్లు చెప్పిన. కొత్త రకం చూస్కో.”

“గా నఖ్రా బండ్లు నాకొద్దు. ఎత్తు మీద గాలి పోయిన బెలూన్ లెక్క అయితయ్. చవితికి పద్దెనిమిది దినాలున్నయ్. ధూల్‌పేట్‌ల పదకొండు గణపతి బొమ్మలు మోస్తనని ఒప్పుకున్న.” నందు మూలకు నడిచి తార్పాలిన్ అంచు పట్టుకున్నాడు. “బాపు ఇంజన్ ఎక్కించు. నా బండికి సరిగ్గ కూసుంటది, మోడల్ ఒకటే.”

బీరయ్య తుడిచిన రెంచినే మళ్లీ తుడుస్తున్నాడు.

“నాకు యాదికున్నది కాకా. ఆఖరి పదిహేను దినాలు బాపు బండి ఎట్ల లాగింది. ఎన్క బొమ్మ పెట్టుకొని కేశవగిరి ఎత్తు మీదికి మూడో గేర్ల పోయింది. నేను పక్క సీట్ల ఉన్న. బాపు ఒకటే నవ్వుడు. ‘మీ కాక చేతుల ఏమున్నదిరా’ అన్నడు. గంత లాగుడు నేను మల్ల యాడ సూడలే. గట్లనే కట్టు.”

“సూద్దాం.”

“సూద్దాం అని పదేండ్ల సంది అంటున్నవ్. నువ్వు కట్టకుంటే ఇచ్చెయ్యి, తీస్కపోత. మంగళ్‌హాట్‌ల పింటూ మేస్త్రీ కట్టిస్తనన్నడు. పంపు స్క్రూ జర తిప్పితే బాపు బండి లెక్కనే పరుగుపెడ్తదట.”

రెంచి నేల మీద పడింది. బీరయ్య వంగి తీయలేదు.

“ఇంటికి పోయి తిను. ఇయ్యాల్నే చెప్త,” అన్నాడు చివరికి.

“ఇయ్యాల్నే. సాయంత్రం ఆటో ట్రాలీ మాట్లాడి పెట్టిన,” అని నందు బండి లేని డ్రైవర్‌లా చేతులూపుకుంటూ గౌలిపుర వైపు వెళ్లిపోయాడు.

బీరయ్య అప్పుడు వంగి రెంచి తీశాడు. రేకుల మీద ఎండకు టప్పుమని శబ్దం వచ్చినప్పుడల్లా మూలకు చూశాడు. తర్వాత గోడకున్న చెక్క అరలోంచి ఒక సున్నం డబ్బా తీశాడు. అందులో చిన్న సీసపు బిళ్ల, దాని రంధ్రంలో తెగిన తీగ.

“గిదేందో తెలుసా? డీజిల్ పంపుకు ఏసే సీలు. లోపల ఒక స్క్రూ ఉంటది. ఇంజన్ల ఎంత డీజిల్ పడాల్నో కంపెనీ గా స్క్రూతోని కట్టేసి, తీగ చుట్టి సీలేస్తది. సీలు తెంపి స్క్రూ తిప్పితే డీజిల్ ఎక్కువ పడ్తది. బండి గుర్రం లెక్క లేస్తది. డ్రైవర్లు చేతులు పట్టుకొని అడుగుతరు, మేం తిప్పుతం. పాత బస్తీల తిప్పని మేస్త్రీ లేడు.”

“శివయ్యన్నకు తిప్పినవా?”

“ముప్పావు చుట్టు. ‘జర లాగుడు పెంచు బీరయ్యా, చవితి సీజన్’ అన్నడు. నేనే నవ్వుకుంట తిప్పిన. నందుగానికి యాదికున్న బలం శివన్నది గాదు, ఇంజన్‌ది గాదు. గీ ముప్పావు చుట్టుది.”

బిళ్లను అరచేతిలో తిప్పుతూ ఆయనే చెప్పుకుపోయాడు.

“పదిహేనో దినం పొద్దుగాల వచ్చిండు. లోపల ఏదో టక్ టక్ అంటుందన్నడు. స్క్రూడ్రైవర్ పెట్టి విన్న. మూడో సిలిండర్. మంచిగ వినొచ్చింది తమ్మీ, గిప్పుడు నీ మాట వింటున్నట్టు. షెడ్డుల నాలుగు బండ్లున్నయ్, అన్నీ బొమ్మల బండ్లే. ‘ఏం కాదు శివన్నా, పండుగ అయినంక విప్పుదం’ అన్న. మా డానియేలు మేస్త్రీ ఒక కాయిదా పెట్టిండు. పంపు మీద చెయ్యేసినోడు మొదటి లోడుకు బండ్ల కూసోవాలె, ఎత్తు ఎక్కేదాక వినాలె. గా పదిహేను దినాలల్ల ఒక్కపారి గూడ కూసోలే.”

లాగుడు బాగుందని శివయ్య ఆ రోజు ఒకటికి బదులు రెండు బొమ్మలు ఎక్కించాడు. కేశవగిరి ఎత్తు సగంలో మూడో పిస్టన్ కరిగి పట్టేసింది. ఇంజన్ తిరుగుతున్నంతసేపే ఆ బండి బ్రేకుకు బలం. ఇంజన్ ఆగితే పెడల్ బండరాయిలా బిగుసుకుంటుంది. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం కింద రాయి పెట్టడానికి శివయ్య దిగాడు. బండి వెనక్కి వచ్చింది.

“బొమ్మలకు గీత గూడ పడలే. గదే మాపటికి వేరే బండ్ల మండపాలకు పోయినయ్. నేను ఇంజన్ తెచ్చి విప్పిన. కరిగిన పిస్టన్ చూసిన. బయటికొచ్చి నందుగాని అమ్మ లలితమ్మ వదినెకు బ్రేకు ఫెయిల్ అని చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకొని, ‘నువ్వైనా ఉన్నవ్ బీరయ్యా’ అన్నది.”

“తర్వాత ఆ ఇంజన్‌ను మళ్లీ ఎందుకు కట్టావు?”

“కొత్త పిస్టన్ ఏసిన, స్క్రూ ఎనకకు తిప్పిన. చప్పుడు లేకుండ తిరిగితే గా టక్ టక్ నా చెవులకెల్లి పోతదేమో అనుకున్న. స్టార్ట్ చెయ్యనీకి చెయ్యి రాలే. చేత్తోని తిప్పుత, గంతే. దాంట్లకెల్లి గూడ వినొస్తది. ప్రతి ఇంజన్‌ల వినొస్తది. ఇంజన్ ఆగినా గది ఆగది.”

నాకు ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలిలోనే ఒక పిరికి సలహా ఇచ్చాను. “ఇంజన్ పనికిరాదని చెప్పి తుక్కులో వేసెయ్ అన్నా. నందు వేరే బండి కొనుక్కుంటాడు.”

ఆయన నావైపు కోపం లేకుండా చూశాడు. “తుక్కుల ఏస్తే ఇంజన్ పోతది. వాని తలకాయలున్న లాగుడు యాడికి పోతది? ఏ బండి కొన్నా పింటూతోని స్క్రూ తిప్పిస్తడు. గదే ఎత్తు, గవే బొమ్మలు. ‘గది బలం గాదు బిడ్డా, మీ బాపును తీస్కపోయింది గదే’ అని నేను చెప్తె తప్ప ఇనడు.”

లేచి మూలకు వెళ్లాడు. తార్పాలిన్ మొత్తం లాగేశాడు. పదకొండేళ్లుగా తుడిచిన ఇనుము పగటి వెలుతురులో నల్లగా మెరిసింది. పంపు పక్కన సీలు లేని స్క్రూ కనిపించింది. ఆయన సీసపు బిళ్లను దాని పక్కన పెట్టాడు. ఒక స్టూలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఇంజన్‌కు ఎదురుగా వేశాడు. కుర్చీని గుడ్డతో తుడిచాడు.

“నీ స్కూటీ ఉన్నది కద. గౌలిపుర పో. నందును పిలువు. లలితమ్మ వదినెను గూడ తీస్కరా. మోకాళ్లు నొస్తయంటది, ఆటో మాట్లాడు. ఇద్దరు ఒక్కపారే రావాలె. రెండుసార్లు చెప్పేంత బలం నాకు లేదు.”

“ఎందుకని అడిగితే?”

“ఇంజన్ సంగతని చెప్పు. గంతకన్న ఎక్కువ నీ నోటితోని చెప్పకు. గది నాది.”

నేను గేటు దాటబోతుంటే వెనక నుంచి పిలిచాడు. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూశాడు.

“గిది నువ్వే పట్టుకపో. తాళం ఏస్కొని పోదమని నాకు అనిపించినా పోనీకి రావొద్దు. షెడ్డు తెరిచిపెట్టి నేను యాడికీ పోలేను. నువ్వొచ్చేదాక గీ స్టూలు మీదనే ఉంట. జల్ది తీస్కరా తమ్మీ.”