అల్మారాలో ఆపిల్ పండ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి ఆపిల్ పండు వచ్చిందంటే ఎవరో మంచం పట్టినట్టే. అరటిపండ్లు పండగకి, సీతాఫలాలు వానాకాలానికి, ఆపిల్ మాత్రం రోగికి. పెద్దాసుపత్రి గేటు దగ్గర బండివాడు ఒక్కోదాన్నీ పల్చటి కాగితంలో చుట్టి పేర్చి పెట్టేవాడు. చూడవచ్చే చుట్టాలు ఉత్త చేతులతో రాకూడదు కాబట్టి అక్కడ కొనుక్కుని లోపలికి వచ్చేవారు. మా అమ్మకు గొంతు కింద గడ్డ లేచి మంచినీళ్ళు మింగడమే కష్టమైన రోజుల్లో ఆమె మంచం పక్కన పోగుపడినన్ని ఆపిల్ పండ్లు మా వంశంలో ఎవరూ చూసి ఉండరు. మింగలేని మనిషికి పండ్లెందుకని ఒక్కరికైనా తోచలేదా అని ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. తోచే ఉంటుంది, వేరే ఏం తేవాలో తెలిసి ఉండదు.

మేముండేది యలహంక పాత ఊళ్ళో. ఊరు కన్నడ సీమలోదే అయినా తాతల కాలం నుంచీ అక్కడే. నాయన బస్సులో పట్నంలోకి వెళ్ళి ఒక బట్టల కొట్లో పనిచేసేవాడు. కొట్టు మూశాక ఆసుపత్రికి వెళ్ళి, వస్తూ వస్తూ ఆ పండ్లను సంచిలో వేసుకొచ్చేవాడు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, వాటిని అల్మారాలో అమ్మ చీరల పక్కన పెట్టి తాళం వేసేది. కోడలు ఇంటికొచ్చాక తినాలని ఆవిడ పట్టుదల. తను ముట్టలేదు, నన్నూ ముట్టనివ్వలేదు. మొదట్లో అల్మారా తలుపు సందులోంచి తియ్యటి వాసన వచ్చేది. పోనుపోను ఆ వాసన మారింది.

అమ్మ ఎప్పుడొస్తుందని నాయన్ని అడిగితే వచ్చే వారం అనేవాడు. అవ్వా అదే మాట. చుట్టాలు నా గడ్డం పట్టుకుని మరీ అదే మాట. పిల్లల్ని వార్డులోకి రానివ్వరని నన్ను ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళు చెప్పినదాన్ని నమ్మే వయసు. అందుకని ప్రతి ఆదివారం తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని, గడప మీద కూర్చునేదాన్ని. చీకటి పడ్డాక అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది.

పక్కింట్లో ఒక నర్సు ఉండేది. వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. వీధి మొత్తం ఆమెను సిస్టరమ్మ అనేవాళ్ళం. అమ్మ ఉన్న ఆసుపత్రిలోనే పని. బడి వదిలాక నేను ఎక్కువగా వాళ్ళ వంటింట్లోనే ఉండేదాన్ని. అక్కడ కిటికీలో ఒక పింగాణీ జాడీ ఉండేది, అందులో పులిసిన మైదా పిండి. మనం ఇడ్లీ పిండి రుబ్బి రెండు రోజుల్లో వండేసి గిన్నె కడిగేస్తాం. ఈ జాడీ ఎప్పటికీ ఖాళీ అయ్యేది కాదు. రోజూ రొట్టెలకి ఒక గరిటెడు తీసి, పిడికెడు మైదా, కాసిని నీళ్ళు పోసి కలిపితే సాయంత్రానికి బుడగలు బుడగలుగా పొంగేది. వాళ్ళ ఊరి మిషన్ ఆసుపత్రిలో ఒక దొరసాని నేర్పిందట. మా మనవరాలు ఇప్పుడు ఇదే పనిని త్రాసు పెట్టుకుని, ఫోన్లో చూసుకుంటూ, సవర్‌డో అంటూ ఏదో యాగం చేస్తున్నట్టు చేస్తుంది. సిస్టరమ్మ కొలతలన్నీ చేతిలోనే. ఆమెకు డ్యూటీ ఉన్న రోజుల్లో పిండికి మేత పెట్టే పని నాది.

ఒక ఆదివారం నేను ఎప్పటిలాగే గడప మీద కూర్చున్నాను. లోపల అవ్వ ఏడుపు వినిపించింది. వెళ్ళి చూస్తే అల్మారా తీసి ఉంది. అడుగున పండ్లు కుళ్ళి, రసం కారి, అమ్మ పెళ్ళి చీర మీద గోధుమరంగు మరక పడింది. పైన ఉన్నవి ముడతలు పడి మెత్తబడ్డాయి. అవ్వ ఆ చీరను ఒళ్ళో వేసుకుని, కోడలికేమని జవాబు చెప్పాలని ఏడుస్తోంది. ఆ ఏడుపు విని సిస్టరమ్మ వచ్చింది. కుళ్ళినవి ఏరి బయట పడేసి, గట్టిగా ఉన్నవి కొంగులో వేసుకుని, ఇవైనా ఈపూట వండుకుందామంది. కోడలికని దాచినవి ఎవరూ తినడానికి వీల్లేదని అవ్వ అడ్డం పడింది.

సిస్టరమ్మ మెల్లగా అంది.

"ఆమె ఇంక తినే పరిస్థితి లేదు అవ్వగారూ. మీకూ తెలుసు."

"బిడ్డ వింటా ఉండాది. దాని ముందర ఆ మాట అనొద్దు తల్లీ," అని అవ్వ చీరలో మొహం దాచుకుంది.

విననే విన్నాను. అమ్మ వచ్చే వారం రాదా అని సిస్టరమ్మను అడిగాను. ఆమె నన్ను మా వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, పళ్ళెంలో చక్కెర పోసి, దాల్చినచెక్క పొడి చల్లి, కలపమంది. తనూ ఎదురుగా కూర్చుని ఆపిల్ పండ్లను చక్రాలుగా కోస్తూ చెప్పింది.

"మీ అమ్మ ఇంటికి రాదమ్మా. ఆ గడ్డకి మందు లేదు. ఎన్నాళ్ళుంటుందో నాకు తెలవదు, ఎక్కువ రోజులైతే ఉండదు."

నేను చక్కెర కలుపుతూనే ఉన్నాను. ఆపితే ఏం చెయ్యాలో తెలియక. ఏడుపు తరువాత వచ్చింది, చాలా వచ్చింది. ఆమె కోయడం ఆపి నన్ను ఒళ్ళోకి తీసుకుంది కానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆ రోజుల్లో నా తల నిమిరినవాళ్ళందరూ ఒక అబద్ధం చెప్పి నిమిరినవాళ్ళే. ఆమె ఒక్కతే నిజం చెప్పి నిమిరింది.

జాడీలోని పిండి తెచ్చి, కొంచెం కొత్త మైదా, ఉప్పు కలిపి జారుగా చేసింది. సిస్టరమ్మ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టని మా అవ్వ లేచి వచ్చి, తన చేతులతో కిరోసిన్ స్టవ్ వెలిగించి, బాణలి పెట్టి నూనె పోసింది. ఆపిల్ చక్రాలను పిండిలో ముంచి బజ్జీల్లాగా వేశాం. పులుపు వాసన, తీపి వాసన కలిసి ఇల్లంతా నిండింది. వేడి మీదే చక్కెరలో దొర్లించి డబ్బాలో సర్దాం. సిస్టరమ్మ మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరుతుంటే అవ్వ నన్ను ముందుకు నెట్టింది.

"పిల్చుకొని పో. అమ్మను చూసుకోనీ."

సిస్టరమ్మ వెంట ఉండడంతో నన్నెవరూ ఆపలేదు. వార్డులో అమ్మను గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. పక్కనే స్టూలు మీద కూర్చున్న నాయన నన్ను చూసి లేచి, సిస్టరమ్మను వరండాలోకి పిలిచి గట్టిగా కేకలేశాడు. నేను డబ్బా తెరిచి ఒక బజ్జీ అమ్మ నోటి దగ్గర పెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నువ్వు తిను, నాకు వినపడేలా తిను అంది. గొంతు గాలి పోయినట్టుంది. నేను కరకరా నమిలాను. దుప్పటి మీద రాలిన చక్కెరను ఆమె వేలి కొసతో అద్ది నాలుక మీద పెట్టుకుంది. నూనె సరిగా కాగినట్టు లేదు, రంగు రాలేదు అని వంక కూడా పెట్టింది. అమ్మ వంక పెట్టాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

తరువాత తను కూడా మొదలుపెట్టింది, వచ్చే వారం అని. సిస్టరమ్మ నిజం చెప్పేసిందని నేను అన్నాను. అమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచాక ఆమె మాట్లాడిన తీరే వేరు. నన్ను వెనక్కి తిరగమని, నా జుట్టు మూడు పాయలు తీసి, ఒంటరిగా జడ ఎలా వేసుకోవాలో చూపించింది. అవ్వకు చూపు తగ్గింది, బియ్యంలో రాళ్ళు నువ్వే ఏరు అంది. చివరగా ఒక మాట చెప్పింది.

"మీ నాయన ఏడిస్తే పక్కన కూర్చో పాపా. ఏం చెప్పే పని లే. ఊరికే కూర్చో."

ఆ తరువాతి ఆదివారం రాకముందే అమ్మ పోయింది.

కర్మలన్నీ అయ్యాక సిస్టరమ్మ వంటింట్లోకి వెళ్ళాను. ఆమె ఆ రోజుల్లో మా ఇంట్లోనే పడి ఉండడంతో జాడీని ఎవరూ చూడలేదు. పైన నల్లటి నీళ్ళు తేలి ఘాటుగా కంపు కొడుతోంది. ఇది కూడా చచ్చిపోయిందని నేను బావురుమన్నాను. ఆమె నల్లనీళ్ళు ఒంచేసి, అడుగు నుంచి ఒక చెంచాడు తీసి పిండి కలిపి పెట్టింది. రెండో రోజుకి ఒక బుడగ వచ్చింది. అమ్మ కూడా ఎక్కడో అలాగే ఉంటుందా అని అడిగాను. ఇంకే పెద్దవాళ్ళైనా అవుననేసేవాళ్ళు. ఆమె అనలేదు.

"ఇది చావలేదు, ఆకలి మీద ఉంది. మీ అమ్మ చచ్చిపోయింది. రెండూ కలపమాక."

అంత కఠినంగా చెప్పి, నన్ను గట్టిగా పట్టుకుని, ఆమె నాకంటే ఎక్కువ ఏడ్చింది.

నాయన ఆమెతో చాలా ఏళ్ళు మాట్లాడలేదు. పసిబిడ్డతో అలాంటి మాట అంటుందా అని అందరితో అనేవాడు. ఆమె రిటైరై వాళ్ళ ఊరికి వెళ్ళిపోయిన రోజు కూడా వాకిట్లోకి రాలేదు. నేను మాత్రం బస్సు దాకా వెళ్ళాను.

నాయన చివరి రోజుల్లో, ఆసుపత్రిలో, డాక్టరు నన్ను బయటికి పిలిచి మాట్లాడి పంపించాడు. నేను లోపలికి వచ్చేసరికి మంచం పక్కన చుట్టాలు తెచ్చిన ఆపిల్ పండ్లు ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక ఒకటి తీసుకుని కోయడం మొదలుపెట్టాను. వచ్చే వారం ఇంటికి పోదాం నాయనా అనే మాట నాలుక చివర ఉంది. నాయన నా చేతులనే చాలాసేపు చూశాడు.

"ఆ సిస్టరమ్మ మాదిరి చెప్పు పాపా," అన్నాడు.

కత్తి పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాయన ఏడ్చాడు. నేను పక్కన ఊరికే కూర్చున్నాను.