స్లాబ్ దావత్ వాయిదా

కరోనా తగ్గి మాస్కులు గడ్డం కిందికి దిగిన ఏడాది, కంపెనీ నన్ను సూర్యాపేట ఆఫీసు నుంచి మిర్యాలగూడ సైటుకు సేఫ్టీ ఆఫీసరుగా వేసింది. ఓ రైస్ మిల్లుకు గోదాము, దాని మీద ఆఫీసు గదులు కడుతున్నాం. రిటైర్‌మెంటుకు ముందు నా ఆఖరి పోస్టింగ్ అదే.

సేఫ్టీ కమిటీ అంటే యాజమాన్యం వాళ్లూ పనివాళ్లూ సమానంగా కూర్చుని ప్రమాదాల గురించి మాట్లాడుకోవడం. చట్టం పెద్ద సైట్లకే పెట్టమంది. మా కంపెనీ చిన్నవాటికీ పెట్టింది. చాలాచోట్ల పనివాళ్ల ప్రతినిధిని మేస్త్రీయే ఎంచుతాడు, ఆ ప్రతినిధి బిస్కెట్లు తిని సంతకం పెడతాడు. ఇక్కడ కాంక్రీటు మోసే ఆడవాళ్లు తమలో తామే మాట్లాడుకుని పాలకీడు సైదమ్మను పంపారు. ఆమె భర్త లింగయ్య అదే సైటులో సెంట్రింగ్ పనివాడు. బిస్కెట్లు ఆమె కూడా తిన్నది. తర్వాత మాట్లాడింది.

మా వైపు స్లాబ్ పోసిన రోజు ఓనరు దావత్ ఇవ్వాలి. మధ్యాహ్నానికి మటన్ వాసన పైకి వస్తుంది, దాన్ని బట్టి పని వేగం పెరుగుతుంది. దావత్ అయ్యాక ఆ స్లాబ్ సంగతి ఎవరికీ పట్టదు. అసలు గండం అప్పుడే. కాంక్రీటు గట్టిపడకముందే దాన్ని మోస్తున్న రేకుల కింది ఇనుప జాకీలు తీస్తే, తీసినవాళ్ల మీదే కప్పు పడుతుంది. తీసేది లింగయ్య లాంటివాళ్లు.

"దావత్ స్లాబ్ నాడు వద్దు సారూ," అన్నది సైదమ్మ. "జాకీలు తీసినంక పెట్టుండ్రి. అందరం ఉన్నమా లేదా సూసుకొని తింటం."

తీర్మానం రాశాం. ప్రమాదం కనిపిస్తే ఎవరైనా పని ఆపవచ్చని ఇంకోటి కూడా రాశాం. స్లాబ్ నాడు పొట్టేలు తెగకపోతే కప్పు కురుస్తుందని మిల్లు సేటు భయపడ్డాడు. వాయిదా పడితే దావత్ సంగతే సేటు మరిచిపోతాడని మగవాళ్లు అంతకంటే ఎక్కువ భయపడ్డారు. లింగయ్య పెళ్లాంతో మాట్లాడటం మానేశాడు. ఆమె దాన్ని పెద్ద నష్టంగా చూసినట్టు లేదు.

మేం ఊహించనిది ఒకటుంది. దావత్ జాకీలకు ముడిపడగానే, వాటిని ఎప్పుడు తీస్తారన్న ఆత్రం సైటంతా పట్టుకుంది. ఇంజినీరు చెప్పిన గడువు తీరకముందే, ఓ పొద్దున సెంట్రింగ్ మేస్త్రీ, కోదాడ కోటేశు, లింగయ్యనూ మరో ఇద్దర్నీ జాకీలు తీయమని సుత్తులిచ్చి స్లాబ్ కిందికి పంపాడు. సైదమ్మ పైన మడులు కట్టి స్లాబ్‌కు నీళ్లు పెడుతోంది. సుత్తి చప్పుడు విన్నది. నీళ్ల పైపు ఈడ్చుకుంటూ నిచ్చెన దిగి, వాళ్ల మీదికి తిప్పింది. మొదట తడిసింది మొగుడే.

"నీకేమన్న పిచ్చి లేసిందానే?" అన్నాడు లింగయ్య. చాలా రోజులకు అతను ఆమెతో ఆడిన మొదటి మాట అది.

"పైన స్లాబ్ పచ్చిగున్నది. కింద నువ్వు పొడిగ ఎందుకు? నడువు బయటికి."

నేను వెళ్లేసరికి ముగ్గురూ ఎండలో నిలబడి ఆరుతున్నారు.

"ఏం కాదండీ సార్. కోదాడలో నా ఇంకో సైటుకు ఈ రేకులు కావాలన్నారు. వీళ్లేమో దావత్ దావత్ అని నా ప్రాణం తీస్తున్నారు," అన్నాడు కోటేశు.

"నీ పాణం నిమ్మళంగనే ఉన్నది గదా మేస్త్రీ," అన్నది సైదమ్మ. "ఆళ్లది గూడ ఉండనీ."

వదులైన జాకీని ఇంజినీరు చూసి తిరిగి బిగింపించాడు. రిపోర్టులో నేను "పని నిలుపుదల అధికారం వినియోగించబడినది, సాధనం: నీళ్ల పైపు" అని రాశాను. హెడ్డాఫీసు ఏమీ అడగలేదు. చదివి ఉండరని నా అనుమానం.

తర్వాతి మీటింగులో, జాకీలు తీయాలంటే ఇంజినీరు సంతకంతో పాటు సైదమ్మ ఒప్పుదలా ఉండాలని తీర్మానించాం. గడువు తీరాక ఇద్దరూ సరేనన్నారు. కోటేశు జాకీలు తీయించాడు, కప్పు ఉన్నచోటే ఉంది. సేటు మాట తప్పలేదు. ఆడవాళ్లే వండారు. లింగయ్య రెండోసారి ముక్కలు అడిగితే సైదమ్మ గరిటె నిండా వేసింది. నాకు డాక్టరు చెప్పినదానికంటే కాస్త ఎక్కువే వేసింది.

ఆ పొద్దున జాకీలు తీసి ఉంటే స్లాబ్ పడేదా? తెలియదు. తెలియకుండానే రిటైరయ్యాను, అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. నేను నేర్చుకున్నది ఇంతే: పని ఆపే అధికారం అందరికీ ఉందని రాస్తే చాలదు. కింద తమ మనిషి ఉన్నవాళ్ల చేతిలో పైపు ఉండాలి.