పైగదిలో పురుగు

పాముని నేను పాము అనను. మా తెనాలి ఇంట్లో దీపాలు పెట్టాక ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. మా అమ్మయితే పట్టపగలు కూడా "పురుగు" అనే అనేది. ఆ అలవాటు నాతోపాటు ఇంగ్లండులోని స్విండన్ దాకా వచ్చింది. ఇంగ్లీషులో స్నేక్ అనమంటే వందసార్లు అంటాను, ఒంటి మీద ఒక్క రోమం కదలదు. తెలుగులో మాత్రం నోరు రాదు. అందుకే మా అమ్మాయి పదకొండో పుట్టినరోజుకి మావారు నారింజరంగు మచ్చలున్న, విషం లేని కార్న్ స్నేక్‌ని తెచ్చినప్పుడు మెట్ల మీదే నిలబడిపోయి, "ఆ పురుగు ఇంట్లో ఉంటే నేనుండను" అన్నాను. పురుగూ ఉంది, నేనూ ఉన్నాను. లేనిది ఆయనే.

దాని కాపురం పైన అమ్మాయి గదిలో, ఒక గాజు తొట్టెలో. తొట్టె అడుగున హీట్ మ్యాట్ ఉంటుంది. పలచటి అట్టలాంటి వస్తువు, కరెంటు పెడితే వేడెక్కుతుంది. వేడిని దానంతటదే అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా వాడకూడదని దాని డబ్బా మీదే రాసి ఉంది. మావారు ఇంజినీరు, ఆఫీసులో యంత్రాలకి భద్రతా పరీక్షలు చేసే మనిషి. ఇంట్లో మాత్రం ఆయన అరచేయే పరికరం. పొద్దున లేవగానే, ఆఫీసు నుంచి రాగానే, మళ్ళీ పడుకోబోయే ముందు పైకి వెళ్ళి గాజుకి చెయ్యి ఆనించి చూసేవారు. వేడి ఎక్కువైతే స్విచ్ ఆపేవారు, తగ్గితే వేసేవారు.

"ఒక థర్మోస్టాట్ కొని పారెయ్యకూడదూ, ఈ కాపలా ఏమిటండీ?" అని దెప్పేదాన్ని.

"నేనుండగా అదెందుకే?" అనేవారు.

అమ్మాయి కూడా పక్కన చేరి చెయ్యి ఆనించేది. ఇద్దరూ కలిసి రోగిని చూసిన డాక్టర్లలా గంభీరంగా తలలూపేవారు. నాకు నవ్వొచ్చేది, కాస్త ఒళ్ళూ మండేది. ఆ శ్రద్ధలో సగం కారిపోతున్న వంటింటి కుళాయి మీద పెట్టొచ్చు కదా అని.

డిసెంబరులో ఆఫీసులోనే ఆయన గుండె ఆగిపోయింది. ఈ దేశంలో దహనానికి కూడా అపాయింట్‌మెంట్ కావాలి. క్రిమటోరియంలో మాకు తేదీ దొరికేసరికి జనవరి వచ్చేసింది.

ఆ వారాలన్నీ అమ్మాయి ఏడవలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల. ఎలా ఉన్నావే అంటే "అయామ్ ఫైన్, మమ్" అనేది. మా డాక్టరు, జీపీకి చూపిస్తే కాస్త టైమ్ ఇవ్వమన్నారు. స్కూలు మానేసింది, ఫ్రెండ్స్ వస్తే కిందికి దిగేది కాదు, తిండి కతికేది. చేసే పనల్లా ఒక్కటే, తండ్రిలాగే గాజు మీద చెయ్యి పెట్టడం, స్విచ్ వెయ్యడం, ఆపడం. నాకు ఒకటే భయం పట్టుకుంది. ఆ పురుగుకి ఏమన్నా అయితే నా పిల్ల నాకు దక్కదు. నోరారా పేరు పలకలేని ప్రాణి కోసం పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

అంత్యక్రియల రోజున లండన్‌లోని హారో నుంచి ఒక అంకుల్ వచ్చారు. మావారు ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన ఇంట్లోనే అద్దెకుండేవారు. మదనపల్లె వైపు మనిషి, డెబ్భై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. "అంతసేపు నిలబడలేనమ్మా, ఇంట్లో దీపం కొండెక్కకుండా నేను చూసుకుంటా, మీరు పోయిరాండి" అన్నారు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, తన గదిలో ఏదీ ముట్టుకోవద్దని చెప్పమంది. కారు బయట ఆగి ఉంది. నేను ఏ చెప్పు ఏ కాలికి వేసుకున్నానో తెలియని స్థితి.

"పైన పిల్ల గదిలో పురుగుంది అంకుల్, పెంచుకుంటోంది. కాస్త జాగ్రత్త" అన్నాను.

"దానిగ్గూడా చెప్పల్లా? నేను చూస్తా పోమ్మా" అన్నారాయన.

మేం తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. అమ్మాయి బూట్లతోనే పైకి పరిగెత్తింది. మరుక్షణం పిల్ల అరుపు వినిపించింది. నేను వెళ్ళేసరికి గది కిటికీ బార్లా తెరిచి ఉంది. హీట్ మ్యాట్ స్విచ్ ఆపేసి ఉంది. తొట్టెలో అది దాక్కునే బెరడు ముక్కని అమ్మాయి ఎత్తి పట్టుకుని ఉంది, దాని కింద పురుగు చుట్ట చుట్టుకుని ఉంది. ముట్టుకుంటే కదల్లేదు.

"ఎవరు ఆపారు? హూ డిడ్ దిస్?" ఇన్ని రోజులు గొంతు పెంచని పిల్ల, గోడలదిరేలా అరిచింది.

అంకుల్ రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చారు. "నేనే ఆపితిని పాపా. పట్టుపురుగులనుకుంటిని. చిన్నప్పుడు మా ఇంట్లో పెంచతా ఉంటిమి. వాటికి వేడి తగలగూడదు, గాలాడల్ల. చూస్తే లోపల ఆకులుండాయి, కింద చెయ్యి పెడితే కాలతా ఉంది. పాపం ఉడికి చస్తాయేమోనని ఆపి, కిటికీ తెరిస్తిని." అప్పుడు ఆయన తొట్టెలోకి చూశారు. మొహంలో నెత్తురు లేదు. "పామామ్మా ఇది! పామని ఒక్క మాట చెప్పింటే నేను ఈ గది తట్టు కూడా రాకుండా ఉందును కదా!"

తొట్టెలో ఉన్నవి ప్లాస్టిక్ ఆకులు. ఆయన కంటికి అవి మల్బరీ ఆకులయ్యాయి. కన్నబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు పెద్దాయన, ఎవర్ని ఏమని తిట్టను? ఆయన గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు.

నేను కిందికి పరిగెత్తి వేడినీళ్ళ బ్యాగు తెచ్చాను. అమ్మాయి నా చెయ్యి నెట్టేసింది. ఒక్కసారిగా వేడి తగిలితే కాలిపోతుందట, మెల్లమెల్లగా వెచ్చబడాలట, డాడ్ చెప్పారట. కిటికీ మూసి, రేడియేటర్ పెంచి, ముగ్గురం కింద కూర్చున్నాం. అరిగిన మోకాళ్ళతో అంకుల్ కూడా నేల మీదే చతికిలబడ్డారు. వద్దన్నా వినలేదు. ఒక చావు ఇంట్లోంచి వెళ్ళిన పూటే ఇంకో చావు వచ్చి కూర్చుందని నేను మనసులో ఏడుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి పురుగు తల కాస్త కదిలింది. తర్వాత చీలిన నాలుక బయటికొచ్చి, లోపలికెళ్ళింది. అంకుల్ రెండు చేతులూ ఎత్తి మొక్కారు. అమ్మాయి మాత్రం అప్పుడు కూడా ఏడవలేదు.

ఆ వారంలోనే అమ్మాయిని తీసుకుని ఇలాంటి పురుగుల్నీ తొండల్నీ అమ్మే షాపుకి వెళ్ళాను. ఇప్పుడున్న థర్మోస్టాట్ ఏ రకం అని కౌంటర్ వెనకున్న షాపు పిల్ల అడిగింది. లేదన్నాను. మరి వేడి ఎవరు అదుపు చేస్తున్నారంది. మా ఆయన, చేత్తో, అన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. అలా వదిలేసిన మ్యాట్ల మీద పొట్ట కాలిపోయిన స్నేక్‌లని చాలా చూశామనీ, మాది అదృష్టమనీ అంది. అదృష్టం కాదు, మా ఆయన, అందామనుకున్నాను. షాపులో అనలేకపోయాను.

శనివారం ఇద్దరం పని మొదలుపెట్టాం. పురుగుని దిండు గలీబులో పెట్టి, గాలి రంధ్రాలున్న డబ్బాలోకి మార్చింది అమ్మాయి. తొట్టె ఖాళీ చేసి, మ్యాట్‌ని అడుగున మూడోవంతుకి మించకుండా ఒక చివరికి జరిపాం. ఒక వైపు వెచ్చగా, ఒక వైపు చల్లగా ఉంటే దానికి కావాల్సిన చోటికి అదే వెళుతుంది. థర్మోస్టాట్ సెన్సర్ని మ్యాట్‌కి అంటించాం. వేడి కింద చిక్కుకుపోకుండా తొట్టె నాలుగు మూలలా చిన్న రబ్బరు ముక్కలు పెట్టాం. లోపల నేల మీద వేరే థర్మామీటరు పెట్టి, ఎవరూ ఆపకుండా గోడ స్విచ్ మీద టేపు వేశాం. ఖాళీ తొట్టెనే ఒక రోజంతా అలా వదిలేసి అంకెలు చూశాం. ముప్ఫై డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. తీగలు సర్దేటప్పుడు అమ్మాయి నన్ను రెండుసార్లు విసుక్కుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. విసుక్కుంటోందంటే కోలుకుంటోందన్నమాటే అనుకున్నాను.

మర్నాడు పురుగుని తొట్టెలోకి వదిలింది. అది కాసేపు తిరిగి, వెచ్చటి వైపు బెరడు కింద దూరింది. థర్మోస్టాట్ మీద చిన్న ఎర్ర దీపం ఆరిపోయింది. కాసేపటికి దానంతటదే వెలిగింది, మళ్ళీ ఆరింది. అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని దాన్నే చూస్తోంది.

"చూశావా, ఇక బెంగ లేదు. ఎవరూ పైకి వచ్చి చూడక్కర్లేదు. సోమవారం నుంచి నువ్వు హాయిగా స్కూలుకి వెళ్ళొచ్చు" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"సో, ఇట్ డజన్ట్ నీడ్ డాడ్" అంది అమ్మాయి.

అని, నా వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టింది. చిన్నపిల్లలా, ఊపిరాడనట్టు ఏడ్చింది. ఈ ఏడుపు కోసమే నేనిన్నాళ్ళూ ఎదురుచూశాను. తీరా వచ్చాక చూడలేకపోయాను. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, "దానికి అక్కర్లేదమ్మా" అన్నాను. నిన్నటి నుంచి తల్లీకూతుళ్ళం ఇద్దరం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పని, ఇక ఆయన రానక్కర్లేని ఏర్పాటు.