బీమా దొరకని ప్రయాణం

2006 వేసవి బదిలీల్లో నన్ను కర్నూలు నుంచి కడప శాఖకు వేశారు. ప్రభుత్వ రంగంలోని ఒక సాధారణ బీమా సంస్థలో నేను అప్పటికి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ని. జీవిత బీమా తప్ప మిగిలినవన్నీ మా పనే: లారీలు, అంగళ్లు, అగ్నిప్రమాదాలు, ఆసుపత్రి ఖర్చులు. కర్నూల్లో చాలా ఏళ్లు క్లెయిములు చూశాను. కడపలో అండర్‌రైటింగ్ అప్పగించారు. అంటే నష్టం జరిగాక ఎంత చెల్లించాలో తేల్చే పని పోయి, దేనికి పూచీ పడవచ్చో, దేనికి పడకూడదో ముందే నిర్ణయించే పని వచ్చింది.

ఆ ఏడాది దసరా సెలవులకు ఊళ్లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ కేరళ ప్యాకేజీ పెట్టింది. బస్సు, హోటళ్లు, భోజనాలు, పడవ షికారు, బీమా, అన్నీ కలిపి ఒకటే ధర. అందులో బీమా మాది. యాత్రికులందరినీ ఒకే పాలసీ కింద చేరుస్తాం, దాన్ని గ్రూప్ పాలసీ అంటారు. ప్రమాదం జరిగినా, సామాను పోయినా, దారిలో కొత్తగా జబ్బు చేసినా అది వర్తిస్తుంది. ముందునుంచీ ఉన్న జబ్బుకు వర్తించదు. ఈ మినహాయింపు చాలామందికి తెలిసేది ఆసుపత్రిలో చేరాకే.

ఏజెన్సీ యజమాని ఒకరోజు ఒక జంటను వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. భర్త వెంకటసుబ్బయ్యది రాజంపేటలో స్టీలు సామాన్ల అంగడి. భార్య నాగరత్నమ్మకు నలభై దాటి ఉంటాయి. రెండు మూత్రపిండాలూ చెడిపోయి, వారానికి రెండుసార్లు తిరుపతి వెళ్లి డయాలసిస్ చేయించుకుంటోంది. ఇద్దరూ కేరళ బస్సులో సీట్లు ఖాయం చేసుకున్నారు. యజమానికి ఆమె జబ్బు సంగతి ఆ ఉదయమే తెలిసిందట.

"జబ్బు మాట రాయకుంటే ఎవురికి తెలుస్తాది మేడమ్? పేరొకటి ఎక్కించండి చాలు," అన్నాడు యజమాని.

అలా కుదరదన్నాను. దాచిపెట్టి తీసుకున్న పాలసీ అవసరం వచ్చిన రోజున చెల్లదని, ఆ మచ్చ ఏజెన్సీకీ అంటుకుంటుందని చెప్పాను. నేను ఇంకా చెబుతుండగానే నాగరత్నమ్మ భర్త వైపు చూపిస్తూ అందుకుంది. "అబద్ధం చెప్పి పోయేది నాకొద్దు మేడమ్. నాకేమన్నా అయితే ఈయప్ప పరాయి ఊర్లో ఎవురితో వాదులాడతాడు?"

అయితే తాను తీసుకెళ్లలేనని యజమాని చేతులెత్తేశాడు. అతన్ని తప్పుపట్టలేను. ఒక మనిషి డయాలసిస్ అయ్యేదాకా బస్సునిండా జనాన్ని పూట పూటంతా ఆసుపత్రి ముందు కూర్చోబెట్టలేడు. కట్టిన అడ్వాన్సు వాపసు ఇస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

వెంకటసుబ్బయ్య మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "మంచిగ ఉండేటోళ్లకు బీమా ఎందుకు మేడమ్? మా మాదిరోళ్లకు గదా కావల్సింది!" అన్నాడు. గొంతు పెద్దదైంది, బయట గుమాస్తాలు తల తిప్పి చూశారు. నేను ఆయన్ని వదిలి నాగరత్నమ్మను అడిగాను, కేరళే ఎందుకని.

"నీళ్లు చూడాలని మేడమ్," అందామె. "దినానికి ఇన్ని నీళ్లే తాగల్లని డాక్టరు కొలత పెట్టినాడు. కండ్లతో చూసేదానికి కొలత లేదు గదా. మా పక్క ఏరు చూస్తే ఇసకే ఉండాది. ఆడ పడవలో కూచుంటే చుట్టూ నీళ్లేనంట."

చెప్పిన తీరులో జాలి కోరడం లేదు. పెళ్లికి వెళ్లాలని ఉందన్నట్టు మామూలుగా చెప్పింది. వెంకటసుబ్బయ్య మాత్రం కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

మీరిద్దరే సొంతంగా వెళ్లకూడదా అని అడిగాను. ఆయన బెదిరిపోయాడు. సరుకు కోసం మద్రాసు పోవడం తప్ప ఆయనకు వేరే ప్రయాణం తెలియదు. "అరవమైతే కొంచెం అర్థమయితాది. మలయాళం యాడొస్తాది మేడమ్? ప్యాకేజీ అయితే కష్టమొస్తే చెప్పుకునేదానికి ఒక మనిషన్నా ఉంటాడు," అన్నాడు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ప్యాకేజీకి జనం డబ్బు కట్టేది సగం ఆ ధైర్యం కోసమే. అయితే ప్యాకేజీ బస్సు అందరి వేళకూ నడుస్తుంది, ఈమెకేమో తన వేళకు నడిచే ప్రయాణం కావాలి.

ఇక్కడ నా పాత క్లెయిముల అనుభవం పనికొచ్చింది. ఆసుపత్రి బిల్లులు చూసీ చూసీ, పెద్ద ఊళ్లలో బయటినుంచి వచ్చే రోగులకూ డయాలసిస్ చేస్తారని నాకు తెలుసు. దానికి ముందుగా మిషను మీద వేళ ఖాయం చేసుకోవాలి. కామెర్ల వైరస్, హెచ్‌ఐవీ లేవని ఇటీవలి రక్తపరీక్షలు చూపాలి. పాత డయాలసిస్ వివరాలతోపాటు రోగి 'డ్రై వెయిట్' కూడా చెప్పాలి. ఒంట్లో చేరిన నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు అది. ఎర్నాకుళంలోని ఒక ఆసుపత్రికి నేనే ఫోన్ చేసి అడిగాను, సరేనన్నారు. వెంకటసుబ్బయ్య తిరుపతి డాక్టరును ఒప్పించుకొచ్చాడు.

ప్రయాణం ఇలా వేశాం. తిరుపతిలో డయాలసిస్ అయ్యాక అక్కడే రైలెక్కడం, ఎర్నాకుళానికి గంటన్నర దూరంలోని అలెప్పీ పక్కన కాలువగట్టు మీద ఒక లాడ్జిలో దిగడం, తర్వాతి డయాలసిస్ ఎర్నాకుళంలో, ఆపైన తిరుగు రైలు. ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి ఆ రైలుకు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచమన్నాను. పొటాషియం ఎక్కువని డాక్టరు అరటిపండ్లు, టెంకాయనీళ్లు ముట్టవద్దన్నాడట. "కేరళకు పోయి టెంకాయనీళ్లు తాగకుండా వచ్చేది నేనొక్కదాన్నేనేమో," అని నాగరత్నమ్మ నవ్వింది.

ఇద్దరికీ వ్యక్తిగత ప్రమాద పాలసీలు ఇచ్చాను. కాలు జారి పడితే ఇది పనికొస్తుంది, మూత్రపిండాలకు మాత్రం ఒక్క రూపాయి రాదు, ఆ ఖర్చు మీరే చూసుకోవాలి అని వెంకటసుబ్బయ్యకు స్పష్టంగా చెప్పాను. ఈసారి ఆయన వాదించలేదు.

వెళ్లిన తర్వాత రెండు రోజులు ఏ కబురూ లేదు. ఎర్నాకుళంలో డయాలసిస్ జరగాల్సిన రోజు, నేను ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఫోన్ మోగుతోంది.

"మేడమ్, ఈడ బందంట! ఒక్క బండీ తిరగడం లేదు. ఆమెకు తెల్లారినప్పటి నుంచి ఆయాసంగా ఉండాది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే వాళ్లు మాట్లాడేది నాకు అర్థం కావడం లేదు."

ఆమెను పడుకోబెట్టకుండా దిండ్లు ఆనించి కూర్చోబెట్టమన్నాను. నేను డాక్టర్ని కాను, ఆసుపత్రి కాగితాలు చదివి నేర్చిన జ్ఞానం అది. వెంటనే ఎర్నాకుళం ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంగ్లిషులో సంగతి చెప్పాను. అవతల నర్సు రోగి పేరడిగింది. ఆనాటి డయాలసిస్ రోగుల్లో నాగరత్నమ్మ పేరు ఉంది కాబట్టి ఎవరు, ఏమిటి అన్న విచారణ అవసరపడలేదు. బంద్‌లో అంబులెన్సులను ఎవరూ ఆపరని, తమ బండి పంపుతున్నామని చెప్పింది. ఆ సంగతి వెంకటసుబ్బయ్యకు చెప్పి, కాగితాలన్నీ చేతిలో పట్టుకొని లాడ్జి గేటు దగ్గర నిలబడమన్నాను.

ఆ పూట నా బల్ల మీదికి ఏ కాగితాలు వచ్చాయో, వేటి మీద సంతకం చేశానో నాకు గుర్తులేదు.

సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆడగొంతు. "మేడమ్, నేనే. బాగుండా."

ఒంట్లో చేరిన నీరు తీసేశారట, ఆయాసం తగ్గిందట. తర్వాత ఆ దారి సంగతి చెప్పింది. పడుకుంటే ఊపిరాడక ఆమె కూర్చునే ఉంది. గాలి కోసం అంబులెన్సు మనిషి పక్క అద్దం జరిపాడు. "రోడ్డు మీద నరమానవుడు లేడు మేడమ్. రెండు పక్కలా నీళ్లే. ఈయప్ప నా చెయ్యి పట్టుకోని ఏడుస్తాండాడు. నేను నీళ్లు చూస్తాండా."

ఖాళీగా ఉంచిన రోజు ఆమె విశ్రాంతికి సరిపోయింది. అనుకున్న రైలుకే తిరిగొచ్చారు. ప్యాకేజీ బస్సు కూడా ఆ బంద్‌లో చిక్కుకుందని ఏజెన్సీ యజమాని తర్వాత చెప్పాడు. హోటల్లో పేకాడుకుంటూ గడిపారట. వాళ్లకు పోయింది ఒక రోజు షికారు, అంతే.

నాగరత్నమ్మ ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికింది. ఈలోగా ఆ దంపతులు ఇంకో రెండు ప్రయాణాలు చేశారు, రెండింటికీ ఏర్పాట్లు వెంకటసుబ్బయ్యే చూసుకున్నాడు. తిరుపతి డయాలసిస్ వార్డులో ఈ సంగతి పాకి, పెళ్లికో గుడికో దూరం పోవాల్సినవాళ్లు ఆయన్ని అడగడం మొదలుపెట్టారు. భార్య పోయాక కూడా ఆయన ఆ పని మానలేదు. ఒకసారి అంగడి పాలసీ రెన్యువల్‌కు వచ్చి, నా ఎదురుగానే సెల్‌ఫోన్‌లో ఎవరికోసమో బెంగుళూరు ఆసుపత్రితో మాట్లాడాడు. కొంత అరవం, కొంత కన్నడం, మిగతాది తెలుగు. పని జరిగింది.

పాలసీ వర్తించదని చెప్పడంతో అండర్‌రైటరు పని ముగుస్తుంది. విన్న మనిషికి అసలు పని అక్కడినుంచే మొదలవుతుంది. దాన్ని గురించి కూడా ఆఫీసరుకు నాలుగు విషయాలు తెలిసి ఉండాలని ఈ ఉదంతం నాకు నేర్పింది. పదవీ విరమణ వరకు, నేను కాదన్న ప్రతి మనిషినీ, మరి ఇప్పుడేం చేస్తారని అడిగాకే పంపాను.