ఐదో లెక్క

పోయిన వారం సిరుగుప్ప టెంటు హాల్లో కత్తికి కత్తి తగిలిన చప్పుడు వినగానే నా మెడ దానంతటదే వంగింది. పక్కన కూర్చున్న నా భార్య "ఏంది, మెడ పట్టుకున్నాదా?" అని అడిగింది. ఏం లేదన్నాను. తెర మీద ఆడుతున్నది 'ఉచ్చంగి వీరుడు'. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన మరుసటి సంవత్సరం బళ్ళారి కోట గుట్ట మీద తీసిన సినిమా. పద్నాలుగేళ్ళకు మళ్ళీ వచ్చింది. బొమ్మంతా గీతలు పడి, కోట మీద వాన కురుస్తున్నట్టుంది. కోట మెట్ల మీద కత్తియుద్ధం రాగానే వెనక బెంచీలో ఒకాయన తన స్నేహితుడితో, "ఈడ చూడప్పా, ఇది రంగు నీళ్ళు కాదు, నిజం రక్తం. మన తిప్పన్న వస్తాదుది. తాగి వచ్చినాడంట, లెక్క తప్పినాడు" అన్నాడు. "పెద్ద వస్తాదు, పెద్ద వస్తాదు అంటాంటిరి గదప్పా, ఇంతేనా!" అని రెండో ఆయన నవ్వాడు. నేను వెనక్కి తిరగలేదు. ఆ రోజు లెక్క తప్పింది ఎవరో తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందులో ఒకాయన మొన్న ఎండాకాలంలో పోయాడు. మిగిలినవాణ్ణి నేను.

తిప్పన్న వస్తాదును చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. సిరుగుప్ప బియ్యం బజారు వెనక, కుస్తీ, కత్తిసాము నేర్పే ఆయన తాలీంఖానా ఉండేది. రేకుల కప్పు, మధ్యలో ఎర్రమన్ను గోదా. ఆ మన్నులో నువ్వులనూనె, మజ్జిగ, పసుపు కలిపేవాడు. నేను అక్కడికి వెళ్ళేనాటికి పిల్లవాణ్ణేమీ కాదు. ఇరవై ఏడేళ్ళ రైసు మిల్లు గుమాస్తాను. కూర్చుని కూర్చుని వీపు వంగిపోయి, నడుము నొప్పికి చేతికర్ర పట్టాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఏందప్పా వీరేశా, ఈ వయసుకే కట్టె పట్టినావు! పట్టినోడివి ఎట్లానూ పట్టినావు, దాన్ని తిప్పేది నేర్చుకో" అన్నాడు. మూడు నెలల్లో నా వీపు నిలబడింది. ఈనాటికీ నేను నిటారుగా నడుస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

ఆయన మాట్లాడేది తెలుగు, లెక్క పెట్టేది మాత్రం కన్నడంలో. ఆయన గురువు హరిహరం వైపు మనిషి. "ఒందు... ఎరడు... మూరు... నాల్కు..." అంటుంటే ఒక్కో లెక్కకు ఒక్కో దెబ్బ, దాన్ని ఆపే ఒక్కో కాపు. "కత్తి నీదప్పా, లెక్క ఇద్దరిదీ. ఎదురుగా ఉండేవాడు నీ లెక్కను నమ్మి మెడ ఇస్తాండాడు, గ్యానం పెట్టుకో" అనేవాడు. తాలీంఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. లెక్క తప్పినవాడు తనంతట తానే ముందుకొచ్చి, కత్తి కింద పెట్టి, మన్ను తీసి నొసట పెట్టుకుని, అందరూ వినేలా "తప్పు నాది" అనాలి. ఇంకొకరు వేలెత్తి చూపకూడదు. వస్తాదైనా సరే, చూపకూడదు.

సినిమా కంపెనీవాళ్ళు మద్రాసు నుంచి వచ్చినప్పుడు కత్తిసాము తెలిసినవాళ్ళు కావాలని మా తాలీంఖానాకే వచ్చారు. హీరో మంచివాడు, కానీ ఎత్తు చూస్తే కళ్ళు తిరిగేవి. కోట మెట్ల మీద ఆయన బదులు వస్తాదు దిగాలి. తలపాగా చుట్టి, వెనకనుంచి చూపిస్తే ఇద్దరూ ఒకే కొలత. శత్రువు సేనాని అనుచరుడిగా నన్ను ఆయనకు ఎదురు నిలబెట్టారు. రాకుమారి వేషం వేసిన అమ్మాయి గొడుగు కింద కూర్చుని, తడిగుడ్డ నెత్తిన వేసుకుని, "ఈ ఎండలో రాజ్యం ఎవడికి కావాలండీ బాబూ" అని అందర్నీ నవ్వించేది. మద్రాసు తగరపు కత్తులు మెరవడం లేదని డైరెక్టరు మా తాలీంఖానా కత్తులే వాడమన్నాడు. పదును లేకపోయినా బరువున్న కత్తులు.

ఆ ముందురోజు సేనాని వేషం వేసే నటుడు అద్దం ముందు నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "మంచి ముఖమయ్యా నీది. కానీ ఐదో లెక్కకు తల దించేస్తావు. ఇంక నీ ముఖం ఎవరు చూస్తారు, నీ తలపాగా తప్ప?" అన్నాడు. ఆయన ఊరికే అన్న మాట. నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు పన్నెండు గంటల ఎండలో ఆ ఘట్టం తీశారు. ఐదుకు నేను తల వంచాలి, వస్తాదు కత్తి నా తల మీదుగా పోవాలి. ఆరుకు నా కత్తి ఆయన డాలు మీద పడాలి. వారం రోజులు సాధన చేశాం. "నాల్కు" విన్నాను. "ఐదు" విన్నాను. వంచలేదు. గడ్డం ఎత్తి, కెమెరా వైపు చూశాను. నా మెడ మీదికి వస్తున్న కత్తిని ఆయన ఎట్లా ఆపాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ఊపుకు ఒళ్ళంతా తిరిగిపోయి, డాలు ఉండాల్సిన చోటికి ఆయన కుడిచెయ్యి వచ్చింది. ఆరుకు నా కత్తి దిగింది, మణికట్టు మీద.

డైరెక్టరు అరుస్తూ వచ్చాడు. "ఎవరయ్యా తప్పింది? ఎవరు?" మెట్ల కింద తమ జోడీలతో కత్తులాడుతున్న శిష్యులు పదిహేనుమంది పరుగెత్తుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. వస్తాదు మణికట్టు అదిమిపట్టుకుని నా వైపే చూస్తున్నాడు. కోపం లేదు. ఎదురు చూస్తున్నాడు. నా కాళ్ళ దగ్గరే మన్ను ఉంది. ఒక్కసారి వంగితే చాలు. వంగితే వేషం పోతుందనుకున్నాను. కొంతసేపు చూసి, ఆయనే వంగాడు. ఎడమచేత్తో కోట మన్ను తీసి నొసట పెట్టుకుని, "తప్పు నాది" అన్నాడు. హీరో పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, నా చేతికి తగలాల్సింది మీ చేతికి తగిలింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు అదీ రాలేదు.

ఆయన బొటనవేలు మళ్ళీ ముడుచుకోలేదు. కత్తి పట్టలేని వస్తాదు, పైగా తన నోటితోనే లెక్క తప్పానన్న వస్తాదు. శిష్యులు ఒక్కొక్కరే మానేశారు. తాగి వచ్చాడన్న మాట ఎవరు పుట్టించారో తెలియదు. చుక్క ముట్టని మనిషి ఆయన. ఆ మాట విన్న ప్రతిసారీ నేను దాన్ని పోనిచ్చాను.

సినిమా సిరుగుప్పకు వచ్చినప్పుడు ఆయన నా పక్కనే కూర్చుని చూశాడు. ఐదో లెక్క వచ్చింది. తెర నిండా నా ముఖం, ఎత్తిన గడ్డం, కెమెరాను వెతుకుతున్న కళ్ళు. ఆ మెట్ల లెక్క తెలిసిన మా ఇద్దరికీ ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. జనం ఈలలు వేశారు. వస్తాదు నా భుజం మీద ఎడమచెయ్యి వేసి, "మొగం బాగా పడిందప్పా" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు. నేను అంతటితో తాలీంఖానాకు పోవడం మానేశాను.

నాలుగేళ్ళ కింద సిరిగేరిలో ఆయన కూతురింటికి వెళ్ళాను, చెప్పేయాలనే. అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో విసనకర్ర తిప్పుకుంటున్నాడు. మజ్జిగ ఇప్పించాడు. వీపు నిమిరి చూసి, "నెట్టగానే ఉండాది, బలే" అన్నాడు. ఆ తర్వాత విసనకర్ర పక్కన పెట్టి, "ఏమన్నా చెప్పేది ఉండాదా వీరేశా?" అని అడిగాడు.

"ఏం లేదు వస్తాదూ. ఊరికే చూసి పోదామని వచ్చినా."

"సరేప్పా. బస్సు పోతాది, బయలుదేరు" అన్నాడు.

ఆ కోట మెట్ల మీద నన్ను చూసినట్టే, ఆ రోజు కూడా చూశాడు. అంతే ఓపికగా.

పోయిన వారం సినిమా చూసొచ్చిన మరునాడు తాలీంఖానా ఉన్న చోటికి వెళ్ళాను. ఇప్పుడది బియ్యం గోదాము. గోదా మీద సిమెంటు పోశారు. హమాలీలు మూటలు దించుతూ "ఒందు... ఎరడు..." అని లెక్క పెడుతున్నారు. ఐదు అనగానే నా తల వంగింది. పద్నాలుగేళ్ళుగా వంగుతూనే ఉంది, ఎవరు ఎక్కడ ఐదు అన్నా. వంగవలసిన ఆ ఒక్కసారే వంగలేదు. నొసట పెట్టుకుందామంటే అక్కడ మన్ను లేదు. అందుకే ఇక్కడ, ఈ కాగితం మీద, అందరూ వినేలా అంటున్నాను. తిప్పన్న వస్తాదు లెక్క ఏనాడూ తప్పలేదు. తప్పు నాది.