నాలుగు పేర్ల రోగం

కట్టమ్మకు కోపం చేతుల్లో మొదలయ్యేది. ముందు వేళ్ల కొసలు వేడెక్కేవి, తరువాత అరచేతులు, నోటి దాకా రావడం ఆఖరున. వరంగల్లు గిర్మాజీపేట షావుకార్ల ఇళ్లలో ఆడవాళ్లు ఆమె చేత నడుం పట్టించుకుంటూ, వీపు మీద ఆ చేతుల వేడిని బట్టి ఆ పూట ఏం మాట్లాడొచ్చో, ఏం మాట్లాడకూడదో తెలుసుకునేవారు.

ఆమె మంగలి సారయ్య భార్య. సారయ్య చౌరస్తాలో గోడ నీడన కూర్చుని గడ్డాలు గీసేవాడు, పెద్దల ఇళ్లకు కత్తుల పొది పట్టుకుని వెళ్లేవాడు. కట్టమ్మ పురుళ్లు పోసేది, పసిపిల్లలకు నీళ్లు పోసేది. ఇవి కాక ఆమె చేతిలో ఇంకొక పని ఉంది. పేనుకొరుకుడుకు మందు వేసేది. నిన్నటి దాకా నిండుగా ఉన్న తలలో తెల్లవారేసరికి రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోతాయి. నొప్పి ఉండదు, దురద ఉండదు. చంద్రుడు ఒక ముక్క తలలో జారవిడుచుకున్నట్టు నున్నటి చర్మం మాత్రం ఉంటుంది. రాత్రి పేను కొరికిందని జనం అనుకుంటారు. ఏ పేనూ అంత గుండ్రంగా కొరకదని కట్టమ్మకు తెలుసు. అయినా పేరు గురించి ఆమెకు పట్టింపు లేదు. గురివింద గింజలను పాలలో ఉడికించి, పొట్టు తీసి నూరేది. గింజ విషం గనుక నూరిన రాయిని బూడిదతో మూడుసార్లు తోమేది. మందుతో వచ్చేవో, వాటంతటవే వచ్చేవో, చాలామందికి వెంట్రుకలు మళ్లీ వచ్చేవి. కొందరికి వచ్చేవి కావు. రానివాళ్లకు రాలేదనే చెప్పేది.

ఆమె పుట్టింది రఘునాథపల్లి వైపు. పదహారేళ్ల వయసులో, తొలి బిడ్డకు రెండో నెల నడుస్తుండగా, దొర గడిలో వెట్టికి పిలిచారు. ఇంట్లో బిడ్డ పాలకు ఏడుస్తున్నాడు. ఇక్కడ ఆమె దొరసాని కాళ్లు పిసుకుతోంది. రవికె తడిసి, తడి కొంగు దాకా దిగింది. దొరసాని చూసి, "జర పక్కకు జరుగు, పరుపు మీద పడ్తది" అంది. అంతే అంది. ఆ బిడ్డ బతకలేదు. పోయింది జ్వరానికే, పాలు అందక కాదు. ఆ సంగతి కట్టమ్మకు తెలుసు. అయినా ఆ రోజు చేతుల్లోకి వచ్చిన వేడి తిరిగి పోలేదు. మరుసటేడు మొగుడూ పెళ్లామూ పొది ఒకటీ, చాప ఒకటీ తీసుకుని వరంగల్లు చేరారు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. కిరసనాయిలుకు కూడా వరసలో నిలబడాలి. ఆ చలికాలం కట్టమ్మ తమ్ముడు పోయి, పన్నెండు రోజులు ఆమె పుట్టింటి ఊళ్లో ఉండిపోయింది. తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్నే నువ్వుల వ్యాపారి పాండురంగం ఇంటికి వెళ్లింది. ఆ ఇంటి కోడలు శకుంతలకు మూడు నెలల కింద పురుడు పోసింది ఆమే. ఆడపిల్ల.

వాకిట్లో అత్తగారు సుగుణమ్మ పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో మేకపాలు పడుతోంది. పాప తాగడం లేదు. పాలు చెంపల మీదుగా చెవుల్లోకి కారుతున్నాయి.

"పిల్ల తల్లేదమ్మా?" అంది కట్టమ్మ.

"దొడ్లె, కొట్టంల ఉంచినం. నువ్వు పిల్లకు నీళ్లు పోసి పో."

"కొట్టంల బర్లు గదా ఉండేది?"

"బర్లను బయట కడ్తానం" అంది సుగుణమ్మ, అదొక పెద్ద త్యాగమన్నట్టు.

కట్టమ్మ పాపకు నీళ్లు పోయలేదు. నేరుగా దొడ్లోకి నడిచింది. కొట్టంలో గడ్డి మోపుకు ఆనుకుని శకుంతల కూర్చుని ఉంది. పక్కన మట్టి ముంత, సత్తు పళ్లెం. రవికె ముందరి భాగం అట్టకట్టి, మళ్లీ తడిసి, పాలవాసన పేడవాసనతో కలిసి ఉంది. కట్టమ్మ గడపలోనే ఒక్క క్షణం ఆగిపోయింది. వేళ్ల కొసలు భగ్గుమన్నాయి.

"ఎన్ని దినాలాయె బిడ్డా?"

"ఆరు. పాపను ముట్టొద్దంటాండ్రు అవ్వా. ఇయ్యాల్ల బండి కట్టి నన్ను పరకాల పంపుతాండ్రట, మా అమ్మగారింటికి. పాప ఇక్కడ్నే ఉంటదట."

"నీ మొగడేమంటాండు?"

"దుకాణంలనే పంటాండు. ఇటు దిక్కు వస్తలేడు."

జడ విప్పి చూపింది. ఎడమ చెవి వెనుక ఒక బిళ్ల, మెడ పైన ఇంకొకటి. కట్టమ్మ బొటనవేలితో తడిమింది. పుండు లేదు, పొక్కు లేదు, పొలుసు లేదు. అంచున గోరంత పొడవు లేని వెంట్రుకలు, మొదలు దగ్గర సన్నగా, కొసన లావుగా నిలబడి ఉన్నాయి. చేతిలోకి ఎన్ని తలలు వచ్చాయో ఆమె లెక్క పెట్టుకోలేదు గానీ, ఈ అంచు ఆమెకు తన ఇంటి గుమ్మమంత తెలుసు.

"పేనుకొరుకుడు! దీనికా గొడ్లపాకల పెట్టింది?"

విసవిసా ముందు వసారాలోకి వచ్చింది. పాండురంగం బండి కోసం ఎదురుచూస్తూ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. తూకంలో మోసం చేయడని బజారులో పేరుంది. ఆయన భయమే ఆయనకు పెద్ద బరువు.

"షావుకారీ, కోడలికి పేనుకొరుకుడైతే పిల్లను గుంజుకుంటరా?"

"నీకు తెల్వదు కట్టమ్మా." పాండురంగం జేబులోంచి మూడు చీటీలు తీశాడు. "హనుమకొండ వైద్యుడు ఇంద్రలుప్తం అన్నడు. హకీం మీరా సాహెబ్ బాల్‌ఖోరా అన్నడు. దవాఖానల డాక్టరు అలోపీషియా అన్నడు. మూడు దినాలల్ల మూడు రోగాలు తేలినయి. ఒక్క పిల్లకు మూడెట్ల వస్తయి చెప్పు? ముగ్గురు కలిసి అసలుది దాస్తాండ్రు. నా మొఖం మీద చెప్పలేక."

"అసలుదేంది?"

పాండురంగం తల తిప్పుకున్నాడు. తలుపు చాటు నుంచి సుగుణమ్మ గుసగుసగా అంది. "పెద్దరోగం."

కుష్ఠు అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పలకరు.

కట్టమ్మ నవ్వింది. ఆ నవ్వు వింటే ఎవరైనా రెండడుగులు వెనక్కి వేయాలి. "షావుకారీ, మీ దుకాణంల ఉన్నవి నువ్వులు. అయ్యగారు తిలలు అంటడు, మీరా సాబు తిల్ అంటడు. అయితే మూడు బస్తాలైతయా మీకు? మేం పేనుకొరుకుడు అంటం. పేర్లు నాలుగు గాని రోగం ఒక్కటే."

"నువ్వు గూడ నాలుగోది చెప్తానవా!" పాండురంగం నిజంగానే బెదిరిపోయాడు.

బయట ఎద్దుల గంటలు వినిపించాయి. బండి వచ్చి వాకిట ఆగింది. సుగుణమ్మ పాపను గట్టిగా అదుముకుంది. పాప ఏడుపు ఎండిన ఆకులా గరగరలాడుతోంది.

"పెద్దరోగం తలమీది వెంట్రుక జోలికి రాదు" అంది కట్టమ్మ. "కనుబొమ్మలు తింటది. చెవులు ఉబ్బిస్తది. తల మాత్రం నల్లగ, నిండుగ ఉంటది. కోడలి కనుబొమ్మలు చూసిండ్రా? గీత గీసినట్టున్నయి."

"నీకెట్ల ఎరుక? నువ్వేమన్న డాక్టరువా?" అంది సుగుణమ్మ.

ఇక్కడ కట్టమ్మ ఆగాలి. ఆగితే ఆమె బతుకు ఎప్పటిలా సాగుతుంది. ఎందుకంటే ఆమెకు ఎట్లా ఎరుకో చెప్పకూడదని సారయ్య ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. మంగళవారం నాడు ఊళ్లో ఎవరూ గడ్డం గీయించుకోరు. ఆ ఖాళీ రోజున సారయ్య రైలు పట్టాల అవతలికి, పెద్దరోగం వాళ్ల గుడిసెలకు వెళ్లి వాళ్ల తలలు గొరిగి వస్తాడు. ఆరేళ్లుగా వెళుతున్నాడు. వాళ్లను ముట్టే మంగలి ఇంకొకడు లేడు. దానికి వేరే కత్తి, వేరే గిన్నె, వేరే గుడ్డ. ఇంటికి రాకముందే అన్నిటినీ ఉడకబెడతాడు. ఈ సంగతి బయటపడితే ఒక్క గడప కూడా వాళ్లను రానివ్వదు.

పాప ఏడుపు ఆగిపోయింది. ఏడ్చే ఓపిక పోయి ఆగింది. కట్టమ్మ చేతులు ఇక ఆమె మాట వినలేదు.

"నా మొగడు వాళ్ల తలలు గొరుగుతడు గనుక ఎరుక. ఆరేండ్లసంది గొరుగుతాండు. గుప్పెడు పట్టే జుట్టు వాళ్లకు. నేను గూడ పోయి చూసిన."

పాండురంగం చెయ్యి దానంతటదే గదుమ మీదికి వెళ్లింది. ప్రతి బుధవారం సారయ్య గీసే గదుమ అది.

"అదే కత్తితోనా?" అన్నాడు.

కాదని ఒక్క మాట చాలు. అది నాలుక మీదికి వచ్చింది కూడా. కట్టమ్మ అబద్ధం చెప్పలేదు. ఊరుకుంది. ఊరుకుని ఆయన్నే చూసింది.

"అంటుకుంటదని గదా మీ భయం? అయితే లెక్క సరిగ చూడుండ్రి. మొదలు మీ గదుమ. తర్వాత నేను ఊరికి పోయేదాక ఈ చేతులు పట్టిన అమ్మగారి వీపు. తర్వాత పాప, పుట్టంగనే పట్టుకున్నది నేనే. పరకాలకు ఒక్క బండి సరిపోదు షావుకారీ. నాలుగు కట్టుండ్రి. బజార్ల అందరు చూస్తరు, నువ్వుల పాండురంగం ఇంటిల్లిపాది ఎటు పోతాండ్రని."

"నోరు ముయ్యే!" సుగుణమ్మ కీచుమంది.

"మూస్త. పిల్లను తల్లికియ్యుండ్రి, మూస్త."

బండివాడు వాకిట్లోంచి కేకేశాడు. "షావుకారీ, ఎవలెక్కేది?"

పాండురంగం లేచాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకుని, ఆ చేతులను చూసుకుని, పంచెకు రాసుకున్నాడు. "ఎవ్వలు లేరు. నువ్వు పో" అన్నాడు. మూడు చీటీలూ మంచం మీదే పడి ఉన్నాయి. "కట్టమ్మా, ఈ మాట ఈడనే ఉండాలె. రేపటిసంది మీ ఆలుమగలు ఈ గడప ఎక్కొద్దు."

"ఎక్కం."

సుగుణమ్మ చేతుల్లోంచి పాపను లాక్కున్నట్టే తీసుకుని కట్టమ్మ దొడ్లోకి నడిచింది. ఎవరూ అడ్డుపడలేదు. ఆ నడకలో గెలుపు లేదు. నిజం చెప్పినప్పుడు ఒక్కరూ వినలేదు, నిజాన్ని దాచి భయపెట్టినప్పుడే విన్నారు. సారయ్యకు ఏమని చెప్పాలి? ఆరేళ్లుగా కత్తి ఉడకబెట్టిన మనిషికి, నీ కత్తిని నేనే మురికి చేసొచ్చానని చెప్పాలా?

శకుంతల పాపను చూడగానే ఏడవలేదు. తొందరగా, తడబడే వేళ్లతో రవికె ముడి విప్పింది. పాప ముందు తెలియనట్టు తల అటూ ఇటూ కొట్టుకుని, దొరకగానే పట్టుకుంది. కొట్టంలో ఆ చప్పరింపు తప్ప మరొక శబ్దం లేదు. వానకు నేల నీరు పీల్చుకునేటప్పుడు అలాంటి చప్పుడే వస్తుంది. కట్టమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఎవరైనా వస్తే నెట్టేయడానికి.

పాప రెండో వైపుకు మారాక శకుంతల మెల్లగా అడిగింది. "అవ్వా, నువ్వు అన్నది సత్యమేనా? ఆ రోగం కాదు గదా నాది? వాళ్లందరు అంటాంటే నాకు గూడ..."

ఆ పొద్దంతా వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇప్పుడు వచ్చింది ఒక ఎత్తు. ఆరు రోజుల్లో ఈ పిల్ల తలలోకి కూడా ఆ మాటను ఎక్కించేశారు.

"అటు తిరుగు" అంది కట్టమ్మ. కొంగు ముడిలోంచి బరుకు ఆకు తీసింది, ఆకురాయిలా గరుకుగా ఉండేది. మందు పెట్టే ముందు చర్మాన్ని దానితోనే రుద్దుతుంది. చెవి వెనుక బిళ్ల మీద పెట్టి ఒత్తి రుద్దింది. ఒకసారి, రెండుసార్లు, చర్మం ఎర్రబడి చిన్న చిన్న నెత్తుటి చుక్కలు తేలేదాకా.

"అబ్బా! మండుతాంది అవ్వా!"

"మండుతాందా? మంచిగ మండుతాందా?"

"మస్తు మండుతాంది, ఆపు!"

"పెద్దరోగం వచ్చిన తోలుకు నిప్పు పెట్టినా తెల్వదు బిడ్డా. నీకు మండుతాంది" అంది కట్టమ్మ, రుద్దడం ఆపకుండా. "నేను లేనప్పుడు ఎవరన్న మళ్ల ఆ మాటంటే, ఈడ గిచ్చుకో. గిచ్చుకుని, వాళ్లకినపడేటట్టు గట్టిగ ఒర్లు."